పీ0171 కోడ్ మళ్లీ మళ్లీ వస్తోంది, స్కానర్ మాట నమ్మాలా వద్దా?

నీలి_బండి
మూడు వారాలుగా ఇదే టెన్షన్. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. నడపడంలో పెద్ద తేడా లేదు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఐడిల్‌లో కొంచెం వణుకుతుంది, అంతే. బ్లూటూత్ స్కానర్ ఒకటి కొని ఫోన్‌కు కలిపితే పీ0171 చూపించింది. "సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1" అట. యాప్‌లో దాని కిందే "ఆక్సిజన్ సెన్సార్ పాడై ఉండవచ్చు" అని రాసుంది. మెకానిక్‌కు చూపిస్తే ఆయనా అదే మాట అన్నాడు, కొత్త సెన్సార్ వేశాడు. కోడ్ చెరిపేశాం. ఎనిమిది రోజులు హాయిగా తిరిగాను. తొమ్మిదో రోజు లైట్ మళ్లీ వెలిగింది, అదే కోడ్. నిన్న కోపంలో మళ్లీ చెరిపేశాను.
1.2 లీటర్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, 82,000 కిలోమీటర్లు తిరిగింది. స్కానర్ తప్పు చెబుతోందా? కొత్త సెన్సార్ కూడా పాడా? ఎవరైనా చెప్పండి.

గేర్_ఆయిల్
సెన్సార్ డూప్లికేట్ అయ్యుంటుంది. ఒరిజినల్ వేయించు బ్రో, సరిపోతుంది.

టార్క్_రెంచ్
వేయించకండి, ఆగండి. ఇంకో సెన్సార్ డబ్బు కూడా పోతుంది.
ముందు ఆ కోడ్ ఏం చెబుతోందో చూద్దాం. మొదటి అక్షరం పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు సమస్య. తర్వాతి సున్నా అంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం ఉన్న కోడ్. అక్కడ 1 ఉంటే ఆ కంపెనీ సొంతంగా పెట్టుకున్న కోడ్. మూడో స్థానంలో ఉన్న 1 ఇంధనం, గాలి కొలతకు సంబంధించింది. చివరి రెండు అంకెలు అసలు విషయం. ఇందులో ఎక్కడా "సెన్సార్ పాడైంది" అని లేదు. "గాలికి తగినంత పెట్రోల్ అందడం లేదు, నేను పెంచుతూ పోయాను, ఇక నా వల్ల కావడం లేదు" అని కంప్యూటర్ చెబుతోంది.
ఆ సంగతి కంప్యూటర్‌కు తెలిసిందే ఆక్సిజన్ సెన్సార్ వల్ల. పొగ గొట్టంలో ఆక్సిజన్ ఎక్కువగా మిగిలిందని అది చూసి చెప్పింది. ఇంట్లో పొగ వస్తోందని చెప్పినవాణ్నే బయటికి గెంటేసినట్టయింది మీ రిపేరు. సెన్సార్ తప్పు చెప్పే కేసులు ఉంటాయి, కానీ అది చివర చూడాల్సిన అనుమానం.
ఒక్కటి చెప్పండి. కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చూశారా?

నీలి_బండి
అది ఎక్కడ ఉంటుందో కూడా తెలియదు అన్నా. చెరిపేశాను కదా, ఇప్పుడు చూడొచ్చా?

టార్క్_రెంచ్
పోయింది. కోడ్‌తో పాటే అదీ పోతుంది.
కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కంప్యూటర్ ఒక ఫోటో తీసినట్టు దాచుకుంటుంది. ఆర్‌పీఎం, బండి వేగం, కూలెంట్ వేడి, ఇంజిన్ లోడ్, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో), ఇవన్నీ అందులో ఉంటాయి. బండి ఆగి ఉండగా పడిందా, ఎత్తు ఎక్కుతుంటే పడిందా, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఆ ఒక్క ఫోటోలోనే తెలిసిపోతుంది. మీ కేసులో సగం జవాబు అందులోనే ఉండేది.
బాధపడకండి. లైట్ మళ్లీ వస్తుంది. ఈసారి చెరపకుండా ముందు స్క్రీన్‌షాట్ తీయండి.

రాత్రి_ప్రయాణం
మరి సెన్సార్ మార్చాక ఎనిమిది రోజులు ఎందుకు బాగుంది? అంటే సెన్సార్‌లోనూ కొంత తప్పు ఉన్నట్టే కదా.

టార్క్_రెంచ్
మంచి ప్రశ్న. చాలామంది మోసపోయేది ఇక్కడే. చెరిపినప్పుడు కోడ్ ఒక్కటే పోదు. చాలా బండ్లలో అంతవరకు కంప్యూటర్ నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ కూడా సున్నాకు వస్తుంది. మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటూ హద్దు దాకా చేరాలి. పైగా ఇలాంటి తప్పులకు ఒక్కసారి చూసి లైట్ వెయ్యదు. మొదటి ప్రయాణంలో చూస్తే పెండింగ్‌లో పెట్టుకుంటుంది, ఇంకో ప్రయాణంలో అదే కనిపిస్తే అప్పుడు లైట్ వేస్తుంది. మధ్యలో ఈ వారం, పది రోజుల్లో ఏ పార్టు మార్చినా "కుదిరింది" అనే అనిపిస్తుంది. అక్కడ పని చేసింది పార్టు కాదు, చెరపడం.

గేర్_ఆయిల్
ఇది నాకూ తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

పాత_డీజిల్
ఈ స్కానర్లు వచ్చాక మెకానిక్‌ల చెవులు పనిచేయడం మానేశాయి. మా రోజుల్లో బానెట్ ఎత్తి శబ్దం వింటే చాలు. ఇప్పుడు ఫోన్‌లో అంకె చూసి పార్టు మార్చేస్తున్నారు. నా డీజిల్‌కు పీ0299 పడింది. మెకానిక్ స్కానర్ చూసి "టర్బో పోయింది" అన్నాడు. టర్బో అంటే ఎంత ఖర్చో తెలుసు కదా. ఇంటికి తెచ్చుకుని మా అబ్బాయిని యాక్సిలరేటర్ తొక్కమని నేను దగ్గర నిలబడి విన్నాను. ఇంటర్‌కూలర్ పైపు దగ్గర స్స్ మంటోంది. క్లాంపు జారిపోయింది. స్క్రూడ్రైవర్‌తో బిగించాను, అంతే. స్కానర్ మాట విని ఉంటే నా పని అయిపోయేది.

టార్క్_రెంచ్
@పాత_డీజిల్ గారూ, మీ చెవికి దండం పెడతాను, అబద్ధం కాదు. కానీ పీ0299 "టర్బో పోయింది" అనలేదు. "అడిగినంత బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) రావడం లేదు" అంది. అది నూటికి నూరుపాళ్లు నిజం, ఎందుకంటే గాలి పైపులోంచి బయటికి పోతోంది. టర్బో అన్నది మెకానిక్. కోడ్ చెప్పిన లక్షణాన్ని పార్టు పేరుగా చదివింది ఆయన.

పాత_డీజిల్
సరే, అలా చెబితే ఒప్పుకుంటాను. కానీ ఆ యాప్‌లు కోడ్ కింద పార్టుల పేర్లు రాయడం ఎందుకు? నీలి_బండికి జరిగిందీ అదే కదా.

శ్రావణి_4స్ట్రోక్
అవును, నాకూ ఆ భాగమే నచ్చదు. ఆ జాబితాలు ఏ బండికైనా ఒకటే రాస్తారు. మన బండిలో ఏం జరుగుతోందో ఆ జాబితాకు తెలియదు.
నా కేసు ఇంకా విచిత్రం. ఒకరోజు స్టార్ట్ చేయగానే పదకొండు కోడ్‌లు. థ్రాటిల్, ఏబీఎస్, స్టీరింగ్, యూ తో మొదలయ్యే కమ్యూనికేషన్ కోడ్‌లు. చేతులు వణికాయి, బండి మొత్తం పోయిందనుకున్నా. మా అన్నయ్య మల్టీమీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. బ్యాటరీ 8.7 ఓల్టులకు పడిపోయింది. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కిందకి పోకూడదట. వోల్టేజీ పడిపోతే ఒక్కో కంప్యూటర్ మధ్యలో ఆగిపోయి, మిగతావి "అది నాతో మాట్లాడటం లేదు" అని ఫిర్యాదు చేస్తాయి. బ్యాటరీ మార్చి చెరిపితే పదకొండూ పోయాయి, మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఒకేసారి గుంపుగా కోడ్‌లు పడితే ముందు బ్యాటరీనే చూస్తాను.

మల్టీమీటర్_మనిషి
👆 ఇది అందరూ రాసిపెట్టుకోండి. ఇంజిన్ నడుస్తుండగా స్కానర్‌లోనే వోల్టేజీ కనిపిస్తుంది. ఇంచుమించు 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. 12 చిల్లర దగ్గరే కదలకుండా ఉంటే ఛార్జింగ్ మీద అనుమానపడాలి. కొన్ని కొత్త బండ్లలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటర్ కావాలనే తగ్గిస్తుంది కాబట్టి ఒక్క రీడింగ్ చూసి తీర్పు ఇవ్వొద్దు.

క్లచ్_కుమార్
పక్క ప్రశ్న. నా ఐఫోన్‌కు స్కానర్ కనెక్టే అవడం లేదు. అడాప్టర్ పాడైందా?

మల్టీమీటర్_మనిషి
పాడవలేదు. మీది పాత రకం బ్లూటూత్ అయ్యుంటుంది. ఐఫోన్‌కు వైఫై రకం గానీ, బ్లూటూత్ లో ఎనర్జీ రకం గానీ కావాలి.
ఇంకోటి. బయట దొరికే చవక అడాప్టర్లలో చాలావరకు ఈఎల్ఎం327 చిప్‌కు కాపీలు. అసలు చిప్ తయారుచేసింది ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే కెనడా కంపెనీ, అది 2022లో మూతపడింది. "వెర్షన్ 1.5" అని రాసున్నవి ఎక్కువగా కనిపిస్తాయి, ఆ నంబరుతో అసలు కంపెనీ ఎప్పుడూ చిప్ విడుదల చేయలేదు. కాపీ అయినా కోడ్ చదవడానికి సాధారణంగా సరిపోతుంది. లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా కనిపించే అంకెలు) మాత్రం నత్తనడకన వస్తుంది, కొన్ని మధ్యలో తెగిపోతాయి.

రాత్రి_ప్రయాణం
పని అయ్యాక అడాప్టర్ పీకి పెట్టుకోండి. ఆ సాకెట్‌లో 16వ పిన్‌కు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తాళం తీసేసినా సరే. నేను రెండు వారాలు ఊరెళ్లి వచ్చేసరికి బండి స్టార్ట్ కాలేదు.

చక్రం_తిప్పేవాడు
అందరూ చెరపొద్దు చెరపొద్దు అంటున్నారు. పొల్యూషన్ పరీక్షకు ముందు చెరిపి వెళ్తే పాసవుతుంది కదా, నేను అదే చేద్దామనుకుంటున్నా.

టార్క్_రెంచ్
ఓబీడీ (బండి కంప్యూటర్ స్వయంగా తప్పులు పట్టే వ్యవస్థ) చూసే పరీక్ష అయితే దొరికిపోతారు. చెరిపితే "రెడీనెస్ మానిటర్లు" కూడా సున్నాకు వస్తాయి. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సార్, ఈవాప్ (పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా చూసేది) లాంటి స్వీయ పరీక్షలు పూర్తి కాలేదని స్కానర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడే చెరిపి వచ్చారని చూసేవాళ్లకు తెలిసిపోతుంది. అవి మళ్లీ పూర్తవడానికి చల్లని స్టార్ట్, ఐడిల్, ఒకే వేగంతో సాగే ప్రయాణం, ఇలా రకరకాలుగా నడపాలి, రోజులు పట్టొచ్చు. పైగా ఇప్పటి చాలా బండ్లలో పర్మనెంట్ కోడ్ అని ఒకటుంటుంది, దాన్ని ఏ స్కానర్ చెరపలేదు. తప్పు నిజంగా పోయిందని కంప్యూటర్ తానే నమ్మితేనే అది పోతుంది.
నిజంగా బాగు చేశారంటే చెరపాల్సిన అవసరం కూడా లేదు. వరసగా మూడు ప్రయాణాల్లో తప్పు కనిపించకపోతే లైట్ తానే ఆరిపోతుంది. కోడ్ కూడా సాధారణంగా 40 సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లబడ్డాక తుడిచిపెట్టుకుపోతుంది.

చక్రం_తిప్పేవాడు
సరే, మానుకుంటున్నా. రిపేరు చేయించే వెళ్తా.

కొండదారి
లైట్ వెలిగి నిలకడగా ఉంటే ఇదంతా నెమ్మదిగా చేసుకోవచ్చు. మిణుకు మిణుకుమంటుంటే మాత్రం ఫోరంలో అడగొద్దు, బండి పక్కకు తీయండి. సిలిండర్‌లో పెట్రోల్ కాలకుండా బయటికి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోందని అర్థం. నేను "ఇంకో ఇరవై కిలోమీటర్లే కదా" అని లాగించాను. కన్వర్టర్ లోపలి భాగం కరిగిపోయింది. దాని ముందు స్పార్క్ ప్లగ్ ఖర్చు ఏపాటి.

రాత్రి_ప్రయాణం
@కొండదారి నీకు పడింది పీ0300 నా?

కొండదారి
పీ0302. రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోల్ సరిగ్గా కాలకపోవడం. 0300 అయితే ఒకటికి మించిన సిలిండర్లలో పడుతోందని, లేదా ఏ సిలిండరో తేల్చలేకపోయిందని.
ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతి చెబుతా, ఇంట్లోనే చేయొచ్చు. ఇంజిన్ ఆపి చల్లబడనిచ్చి, రెండో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు స్పార్క్ కరెంటు ఇచ్చేది) తీసి మూడో దాంట్లో పెట్టాలి, మూడో దాన్ని ఇక్కడికి. మళ్లీ నడిపితే కోడ్ పీ0303 గా మారితే తప్పు కాయిల్‌దే. పీ0302 గానే ఉంటే ప్లగ్గులు కూడా అలాగే మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, వైరింగ్, కంప్రెషన్. రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది.

గేర్_ఆయిల్
ఇది భలే ఉంది. దొంగను ఇల్లు మార్పించి దొంగతనం ఎక్కడ జరుగుతుందో చూడటం 😀

నీలి_బండి
ఐదు రోజుల తర్వాత వచ్చాను. లైట్ ఇంకా వెలగలేదు, కానీ పెండింగ్‌లో పీ0171 వచ్చింది. ఈసారి చెరపలేదు అన్నా, ఒట్టు. ఫ్రీజ్ ఫ్రేమ్ మాత్రం ఖాళీగా ఉంది.

టార్క్_రెంచ్
కొన్ని బండ్లు పెండింగ్ దశలోనే దాస్తాయి, కొన్ని లైట్ వెలిగాకే చూపిస్తాయి. పర్వాలేదు. లైట్ కోసం ఆగకుండా లైవ్ డేటా చూద్దాం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో ఒక నిమిషం. తర్వాత న్యూట్రల్‌లో 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం నిలపండి. రెండు చోట్లా షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ ట్రిమ్ (నేర్చుకుని దాచుకున్న సవరణ) రాసి పెట్టండి. మీ బండిలో గాలిని కొలిచేది మాఫ్ సెన్సారా (లోపలికి వచ్చే గాలినే నేరుగా కొలిచేది), మ్యాప్ సెన్సారా (ఒత్తిడి చూసి లెక్క కట్టేది) అనేది కూడా చూడండి. లైవ్ డేటాలో "గ్రాములు పర్ సెకండ్" కనిపిస్తే మాఫ్.

నీలి_బండి
లైట్ కూడా ఇవాళ వెలిగింది! ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీశాను. అందులో ఉన్నవి: 780 ఆర్‌పీఎం, వేగం 0, కూలెంట్ 91 డిగ్రీలు, లోడ్ 24 శాతం, షార్ట్ టర్మ్ +9, లాంగ్ టర్మ్ +20.
మీరు చెప్పిన పరీక్ష:
ఐడిల్‌లో షార్ట్ +7 నుంచి +10 మధ్య ఊగుతోంది, లాంగ్ +20.
2500 దగ్గర షార్ట్ +1, లాంగ్ +4.
మాఫ్ ఉంది, ఐడిల్‌లో సెకనుకు 1.3 గ్రాములు.

టార్క్_రెంచ్
ఇదిగో, ఇప్పుడు బండి మాట్లాడింది.
ట్రిమ్ అంటే కంప్యూటర్ తన లెక్కకు మించి ఎంత పెట్రోల్ కలుపుతోందో, తగ్గిస్తోందో చెప్పే శాతం. రెండూ కలిపి ప్లస్, మైనస్ 10 లోపు ఉంటే సాధారణంగా గొడవ లేదు. మీకు ఐడిల్‌లో దాదాపు +29, రేజ్ చేస్తే +5. ఈ తేడానే ముఖ్యం.
ఎక్కడో చిన్న చిల్లు ఉందనుకోండి, మాఫ్ సెన్సార్ దాటాక. అందులోంచి కొలతకు అందని గాలి లోపలికి పోతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, పైగా సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ (పీల్చే శక్తి) బలంగా ఉంటుంది. కాబట్టి ఆ చిల్లు గాలి పెద్ద వాటా అవుతుంది. రేజ్ చేస్తే అసలు దారిలోనే బోలెడు గాలి వస్తుంది, చిల్లు గాలి లెక్కలోకి రాదు. మీ అంకెలు అచ్చం అలాగే ఉన్నాయి.
ఇదే తిరగబడి, ఐడిల్‌లో బాగుండి, లోడ్ మీద ట్రిమ్ పెరిగి ఉంటే నేను పెట్రోల్ పంపు, ఫిల్టర్, లేదా మురికి పట్టిన మాఫ్ వైపు చూసేవాణ్ని.
వ్యాక్యూమ్ లీక్ వెతకండి. మాఫ్ నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు గొట్టం, బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కు పంపేది), ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్. ఆయిల్ మూత, డిప్‌స్టిక్ సరిగ్గా బిగిసి ఉన్నాయేమో కూడా చూడండి, చాలా బండ్లలో అక్కడి నుంచి కూడా గాలి దూరుతుంది.

పాత_డీజిల్
నేను శబ్దం విని ఉంటే ఐదు నిమిషాల్లో చెప్పేవాణ్ని, కానీ ఒప్పుకుంటున్నా, ఇంత దూరం నుంచి నేను వినలేను.

సెన్సార్_సూరి
ఒక చిన్న సవరణ. మాఫ్ ఉన్న బండికే ఈ లెక్క ఇంత శుభ్రంగా వస్తుంది. మ్యాప్ సెన్సార్ ఒక్కటే ఉన్న బండి మానిఫోల్డ్ ఒత్తిడి చూసి గాలి లెక్క కడుతుంది. చిల్లులోంచి వచ్చిన గాలి కూడా ఆ ఒత్తిడిలో కలిసిపోతుంది కాబట్టి దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా పోస్తుంది. అక్కడ లీన్ కోడ్ బదులు ఐడిల్ పెరిగిపోవడం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ చర్చ చదివి మ్యాప్ బండి ఉన్నవాళ్లు ఇదే కొలబద్ద పెట్టుకుంటే దారి తప్పుతారు.

టార్క్_రెంచ్
కరెక్ట్, నేను చెప్పాల్సింది. థ్యాంక్స్ సూరి.

గేర్_ఆయిల్
లీక్ ఎక్కడుందో చూడటానికి కార్బ్ క్లీనర్ స్ప్రే చేస్తే సరి. ఎక్కడ కొడితే ఆర్‌పీఎం మారుతుందో అక్కడే చిల్లు.

శ్రావణి_4స్ట్రోక్
దయచేసి అలా చేయొద్దు. వేడి ఇంజిన్ మీద, పక్కనే స్పార్క్ ఉండగా మండే ద్రవం కొట్టడం అది. మా కాలనీలో ఒకతను అలా చేసి చేతులు కాల్చుకున్నాడు, బానెట్ కింద మంటలు చూసిన భయం నాకు ఇప్పటికీ పోలేదు. పొగ పంపి లీక్ చూపించే స్మోక్ మెషిన్ ఉన్న వర్క్‌షాప్‌లో పది నిమిషాల పని.

టార్క్_రెంచ్
శ్రావణి గారి మాటకే నా ఓటు. చేతిలో స్కానర్ ఉండగా స్ప్రే అవసరమే లేదు. షార్ట్ టర్మ్ ట్రిమ్ గ్రాఫ్ ఫోన్‌లో తెరిచి పెట్టండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా మెత్తటి రబ్బరు పైపులను ఒక్కొక్కటిగా, మొదలు దగ్గర, గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెల్లగా నొక్కండి. చిల్లున్న పైపును నొక్కగానే గాలి ఆగి, ట్రిమ్ కొన్ని సెకన్లలో కిందికి దిగుతుంది. ఫ్యాన్, బెల్టు దగ్గర చేతులు, వదులు బట్టలు జాగ్రత్త. ప్లాస్టిక్ పైపులు నొక్కొద్దు, విరుగుతాయి. బ్రేక్ బూస్టర్ పైపు నొక్కి చూశాక వదిలేశారో లేదో రెండుసార్లు చూసుకోండి.

క్లచ్_కుమార్
స్కానర్‌ను ఇలా కూడా వాడొచ్చా! నేను కోడ్ చూసి మూసేస్తున్నా ఇన్నాళ్లూ.

నీలి_బండి
దొరికింది అన్నా, దొరికింది!!
ఆదివారం పొద్దున మా నాన్న ఫోన్ పట్టుకుని అంకెలు చదువుతుంటే నేను ఒక్కో పైపు నొక్కాను. మొదటి రెండింటికీ ఏమీ కాలేదు. వాల్వ్ కవర్ నుంచి మానిఫోల్డ్‌కు వెళ్లే పీసీవీ పైపు నొక్కగానే నాన్న "తొమ్మిది, ఆరు, రెండు, సున్నా, అరె మైనస్‌లోకి వెళ్తోంది" అని అరిచాడు. ఐడిల్ వణుకు కూడా అప్పుడే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నేను ఎప్పటికీ మరచిపోను.
తీసి చూస్తే వంపు దగ్గర, కింది వైపు పగులు. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు, నూనె అంటుకుని మెత్తబడి ఉంది. వంచితే నోరు తెరిచింది. ఎన్నిసార్లు బానెట్ ఎత్తి చూశానో, ఒక్కసారి కూడా కనబడలేదు.

టార్క్_రెంచ్
భలే! నాన్నగారికి నా నమస్కారం చెప్పండి, అసలు పరీక్ష చేసింది ఆయనే.
కొత్త పైపు వేశాక ఈసారి చెరపొచ్చు, అన్నీ రాసి పెట్టుకున్నారు కాబట్టి. చెరిపాక ట్రిమ్‌లు మళ్లీ చూసి చెప్పండి. రెండు చోట్లా దగ్గర దగ్గరగా రావాలి. పైపు రెండు చివర్ల క్లిప్పులు కూడా కొత్తవే వేయండి.

సెన్సార్_సూరి
తీసేసిన పాత ఆక్సిజన్ సెన్సార్ పారేశారా?

నీలి_బండి
లేదు, డిక్కీలో ఉంది. ఎందుకు?

సెన్సార్_సూరి
దాచుకోండి. అది బాగానే ఉండి ఉంటుంది. ఎప్పుడైనా కొత్తదాని మీద అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. కన్వర్టర్ ముందున్న మామూలు రకం సెన్సార్ అయితే వేడెక్కాక గ్రాఫ్‌లో 0.1, 0.9 ఓల్టుల మధ్య చకచకా పైకీ కిందికీ ఊగాలి. కదలకుండా ఒకేచోట ఉంటేనో, మరీ మందకొడిగా ఊగితేనో అప్పుడు సెన్సార్‌ను అనుమానించాలి. కన్వర్టర్ తర్వాత ఉన్న రెండోది మాత్రం దాదాపు నిలకడగా ఉండాలి.

పాత_డీజిల్
నేనూ ఒక స్కానర్ కొన్నాను, చెబితే నమ్మరు. డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఎంత నిండిందో ఇందులో కనిపించడం లేదు, ఏం చేయాలి?

మల్టీమీటర్_మనిషి
సంతోషం 😊 మామూలు ఓబీడీ యాప్‌లో అది చాలావరకు రాదు. మీ బండి కంపెనీ డేటా చదవగల యాప్ గానీ, స్కానర్ గానీ కావాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లదీ ఇదే కథ. ఓబీడీ2 అన్నది పుట్టింది పొగ కాలుష్యం మీద కన్నేయడానికి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి చేశారు. అందుకే పొగతో సంబంధం ఉన్నవాటికే అన్ని బండ్లలో ఒకే భాష కుదిరింది. మిగతావి ఎవరి భాష వాళ్లది.

కొండదారి
థర్మోస్టాట్ అనుమానం ఉన్నవాళ్లకు ఒక మాట. పీ0128 (ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదనే కోడ్) పడితే కూలెంట్ సెన్సార్ మార్చే ముందు లైవ్ డేటాలో వేడి చూడండి. నాకు హైవే మీద 68 డిగ్రీలకు పడిపోయి, ట్రాఫిక్‌లో ఆగితే 85కి ఎక్కేది. థర్మోస్టాట్ మూసుకోకుండా తెరిచే ఉండిపోయింది. గేజ్‌లో ముల్లు మాత్రం కదలనే లేదు.

నీలి_బండి
కొత్త పైపు వేసి 600 కిలోమీటర్లు తిరిగాను. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ +3, 2500 దగ్గర +2. షార్ట్ సున్నాకు అటూ ఇటూ. పెండింగ్ ఖాళీ. ఈవాప్ తప్ప మానిటర్లన్నీ పూర్తయ్యాయి. ఐడిల్‌లో మాఫ్ ఇప్పుడు 1.7 గ్రాములు చూపిస్తోంది, దొంగదారి మూసేశాక గాలంతా లెక్కలోకి వచ్చింది కదా. మొన్న మెకానిక్ దగ్గరికి వెళ్లి పగిలిన పైపు చూపించాను, గొడవపడటానికి కాదు. ఆయన చాలాసేపు చూసి, ఆ స్క్రీన్‌షాట్‌లు పంపమని అడిగాడు. పంపాను.

టార్క్_రెంచ్
సరిగ్గా చేశారు. ఈవాప్‌కు తొందరపడకండి, పెట్రోల్ ట్యాంకు మరీ నిండుగానో, మరీ ఖాళీగానో ఉంటే ఆ పరీక్ష మొదలే అవదు.

తెల్ల_సెడాన్
నాకు నిన్న పీ0420 పడింది, క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలంటున్నారు. చెరిపి చూద్దామా?

నీలి_బండి
చెరపొద్దు బ్రదర్! ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి స్క్రీన్‌షాట్ తియ్యి. తర్వాత కన్వర్టర్ వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సార్ గ్రాఫ్ ఒక నిమిషం రికార్డ్ చెయ్యి. ట్రిమ్‌లు కూడా. మిస్‌ఫైర్ కోడ్‌లు పెండింగ్‌లో ఉన్నాయేమో, సెన్సార్ల ముందు సైలెన్సర్ పైపులో ఎక్కడైనా లీక్ శబ్దం ఉందేమో చూడు. అన్నీ ఇక్కడ పెట్టు, టార్క్_రెంచ్ అన్న చూస్తాడు.

తెల్ల_సెడాన్
సరే, సాయంత్రం బండి వేడెక్కాక తీసి పెడతా.